సింగ్‌నగర్ ఇంటి సర్వర్: ఎస్‌ఎస్‌హెచ్ నాలుగు చోట్ల ఆగిన కేసు

2025 సంక్రాంతి వెళ్లిన వారంలో, గుంటూరు అరండల్‌పేటలోని నా గదికి విజయవాడ నుంచి ఫోను వచ్చింది. చేసింది అజిత్ సింగ్‌నగర్‌లో ఉండే మా మాస్టారు. బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, డీటీపీ మాస్టారు. ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలకు ముప్పై ఏళ్లు పేజీలు కట్టిన మనిషి. నేను కంప్యూటర్‌ను మొదటిసారి ముట్టుకున్నది ఆయన దగ్గరే. అందుకే ఆయన ఇంటి పనికి బిల్లు ఉండదు, భోజనం ఉంటుంది.

"బాబూ, అమ్మాయి సర్వర్‌లోకి వెళ్లలేకపోతోంది. హైదరాబాద్‌లో కూర్చుని నాలుగు రోజులుగా తంటాలు పడుతోంది. ఒకసారి చూస్తావా?"

"తెర మీద ఏమని వస్తోంది మాస్టారూ?"

"ఏమని వస్తే ఏముంది నాయనా, పని చేయడం లేదు."

ఈ వాక్యం నేను రోజూ వింటాను. కడుపు నొప్పి అని చెప్పి ఎక్కడో చెప్పని రోగిలాంటిది. ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో అది మరీ అన్యాయం, ఎందుకంటే దూరం నుంచి లాగిన్ అయ్యే ఈ పద్ధతి తాను ఎక్కడ ఆగిందో దాదాపు ప్రతిసారీ తానే చెబుతుంది. తలుపు దగ్గరికి వెళ్లాక లోపలివాళ్లు "లేదు పొమ్మన్నారు" అంటే ఒక అర్థం. ఎంత కొట్టినా పలకకపోతే ఇంకో అర్థం. తలుపు తీసి, మాట మొదలుపెట్టి, మధ్యలో మూగబోతే మూడో అర్థం. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి "ఇంతకీ మీరెవరు?" అని అడిగితే నాలుగోది. ఈ కేసులో ఆ నాలుగూ వరసగా ఎదురయ్యాయి. ఒకటి సర్దగానే దాని వెనక ఇంకొకటి నిలబడి ఉండేది.

ముందుగా సరంజామా సంగతి చెప్పాలి. మాస్టారి సర్వర్ అంటే గాజు తలుపుల ర్యాకు ఏమీ కాదు. ఏదో ఆఫీసు పాతబడిందని అమ్మేసిన డెస్క్‌టాప్, అందులో రెండు పెద్ద హార్డ్ డిస్కులు. ఆ డిస్కుల్లో ఆయన జీవితమంతా ఉంది. అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకాలు, ట్రేసింగులు తీసిన ఫైళ్లు, ప్రూఫులు దిద్దిన ప్రతులు. అను ఫాంట్లలో కొట్టినది యూనికోడ్ కాదు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అక్షరాలు కనిపించవు, ఇంగ్లిషు పిచ్చిగీతలు కనిపిస్తాయి. కాబట్టి ఎవరైనా పాత పుస్తకాన్ని రీప్రింటు వేయాలంటే మాస్టారి దగ్గరికి రాక తప్పదు. హైదరాబాద్‌లో ఉన్న కూతురు ఆ ఫైళ్లను ఎస్‌ఎఫ్‌టీపీ అనే ఫైళ్ల బదిలీ పద్ధతిలో దింపుకుని, యూనికోడ్‌లోకి మార్చి, ప్రచురణకర్తలకు పంపుతుంది. ఎస్‌ఎఫ్‌టీపీ కూడా ఎస్‌ఎస్‌హెచ్ తలుపులోంచే నడుస్తుంది. అది మూతపడితే తండ్రీకూతుళ్ల పని ఆగినట్లే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఈ పెట్టె కింది గదిలో ఉంది. మాస్టారు దాన్ని ఎత్తి బీరువా మీద పెట్టి తాము మేడ మీదికి వెళ్లారు. నీళ్లు బీరువా సగానికి వచ్చి, అక్కడే రోజుల తరబడి నిలిచాయి. పెట్టె తడవలేదు. కానీ తేమకో, ఆ తర్వాత కరెంటు వచ్చిపోతున్నందుకో, సిస్టమ్ ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీ నెల తిరగకుండానే పోయింది. డేటా ఉన్న హార్డ్ డిస్కులు బతికాయి. పాత ఇంటర్నెట్ లైను కూడా వరదతోనే పోయింది. వీధిలో ఫైబర్ ఇస్తున్న ఒక స్థానిక ఆపరేటర్ దగ్గర కొత్తది తీసుకున్నారు. సంక్రాంతికి వచ్చిన అమ్మాయి కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, ఉబుంటు 24.04 ఎక్కించి, పాత కాగితం మీద నేను రాసిచ్చిన పద్ధతి ప్రకారం అన్నీ అమర్చి వెళ్లింది. అంటే సిస్టమ్ మారింది, లైను మారింది, కాగితం మాత్రం పాతదే.

కాదు పొమ్మన్నది

అమ్మాయిని, వర్ణించవద్దు, తెర మీద ఉన్న అక్షరాలను ఫొటో తీసి పంపమని అడిగాను. రెండు ఫొటోలు వచ్చాయి. మొదటిది పండగకు ఇంట్లో ఉన్నప్పుడే తీసింది: "కనెక్షన్ రిఫ్యూజ్డ్". దాని కింద ఆమె రాసిన మాట నన్ను ఎక్కువగా ఆకర్షించింది. "అన్నయ్యా, ఇది భోగి రోజు వచ్చింది. రాత్రి కరెంటు పోయి వచ్చాక దానంతట అదే బాగైంది."

దానంతట అదే బాగైందంటే నాకు భయం. తిరగబెట్టడానికి చోటు ఉంచుకునే తగ్గుతుందది.

రిఫ్యూజ్డ్ అని వచ్చిందంటే ఆ చిరునామాలో యంత్రం ఉంది, నెట్‌వర్క్ బాగుంది, కానీ అడిగిన పోర్టు (యంత్రంలో ఒక్కో సేవకు ఉండే, అంకె వేసిన తలుపు) దగ్గర వింటున్నవాళ్లు లేరు. చాలా సందర్భాల్లో అర్థం అంతే. ఎస్‌ఎస్‌హెచ్‌కు మామూలుగా కేటాయించిన పోర్టు 22. ఫిన్లాండ్‌కు చెందిన టాటు యులోనెన్ 1995లో దీన్ని తయారు చేసినప్పుడు, ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీకున్న 21కీ, దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్‌కున్న 23కీ మధ్య ఖాళీగా ఉన్న అంకెను అడిగి తీసుకున్నాడు. ఆ రెండింటి స్థానంలో రావడానికి పుట్టినది కాబట్టి ఆ చోటు దానికి అతికినట్లుగా ఉంది. నా పాత కాగితంలో మాత్రం పోర్టును 2222కు మార్చమని ఉంది. దానివల్ల భద్రత పెరుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఊరూరా తిరిగి 22ను తట్టే యంత్రాల గోల లాగుల్లో, అంటే యంత్రం రాసుకునే చిట్టాల్లో, తగ్గుతుంది, అంతవరకే.

అమ్మాయి కాన్ఫిగ్ ఫైల్లో పోర్టు 2222 అని రాసి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసును రీస్టార్ట్ చేసింది. ఉబుంటు 22.04 వరకు అది చాలు. 22.10 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు పోర్టు దగ్గర కూర్చుని వినేది ఎస్‌ఎస్‌హెచ్ కాదు, సర్వీసులన్నింటినీ నడిపే సిస్టమ్‌డీ తరఫున ఒక సాకెట్ యూనిట్. ఎవరైనా వచ్చి తట్టినప్పుడే అది ఎస్‌ఎస్‌హెచ్‌ను నిద్ర లేపుతుంది. 24.04లో ఆ సాకెట్ కాన్ఫిగ్ ఫైల్లోని పోర్టును చదువుకుంటుంది గానీ, చదివేది సిస్టమ్‌డీ తన లెక్కలు మళ్లీ వేసుకున్నప్పుడే. అందుకు డెమన్ రీలోడ్ ఆదేశం ఇచ్చి, ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి. సర్వీసును ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా గుమ్మంలో కూర్చున్నవాడు 22నే పట్టుకుని ఉంటాడు. రాత్రి కరెంటు పోయి వచ్చాక యంత్రాన్ని మళ్లీ లేపినప్పుడు లెక్కలు కొత్తగా వేసుకుంది కాబట్టి 2222 తెరుచుకుంది. "దానంతట అదే" వెనక ఉన్న కథ ఇది.

ఇంట్లో ఉండగానే ఎవరు ఏ పోర్టు మీద వింటున్నారో చూపే ఎస్‌ఎస్ ఆదేశం కొట్టి ఉంటే, 22 ఎదురుగా సిస్టమ్‌డీ పేరు కనిపించేది. ఒక్క చూపుతో తేలేది. కాగితం నాది కాబట్టి తప్పూ నాదే అనుకుని, దాన్ని తిరగరాశాను.

పలకనిది

రెండో ఫొటో హైదరాబాద్ నుంచి తీసింది: "కనెక్షన్ టైమ్డ్ అవుట్". ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని దాచను. టైమౌట్ అనగానే ఫైర్‌వాల్ అని నిశ్చయించుకున్నాను. శనివారం గుంటూరులో బస్సెక్కి, పండిట్ నెహ్రూ బస్టాండులో దిగి, సింగ్‌నగర్ చేరి, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఉబుంటు ఫైర్‌వాల్ అయిన యూఎఫ్‌డబ్ల్యూ నియమాలు తిరగేశాను. దాన్ని పూర్తిగా ఆపేసి కూడా చూశాను. బయటి నుంచి వచ్చినవాళ్లను లోపలి యంత్రానికి పంపే పోర్టు ఫార్వర్డింగ్‌ను రౌటర్‌లో చెరిపి మళ్లీ రాశాను. తప్పుడు పాస్‌వర్డులు కొట్టేవాళ్లను వెలివేసే ఫెయిల్‌టుబ్యాన్ అమ్మాయి చిరునామాను పొరపాటున వెలివేసిందేమోనని దాన్నీ గాలించాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. హైదరాబాద్‌లో మాత్రం అదే మౌనం.

మాస్టారి భార్య కాఫీ తెచ్చినప్పుడు, ఇంత సేపూ ఏమి చూస్తున్నావని అడిగారు. "ఇంటికొచ్చిన వాళ్లను తలుపు దగ్గర ఎవరు ఆపుతున్నారో చూస్తున్నానండీ" అన్నాను. "ఇంతకీ ఎవరైనా వచ్చారా?" అన్నారావిడ.

అప్పుడు సిగ్గుపడి టీసీపీడంప్ నడిపాను. యంత్రం దాకా వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ, ఫైర్‌వాల్ దాన్ని ముట్టుకోకముందే, చూపించే పనిముట్టు అది. అమ్మాయిని ఫోనులో ప్రయత్నించమన్నాను. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. ఇక్కడ తెర మీద ఒక్క గీత కూడా పడలేదు. వచ్చి వెనక్కి పోతున్నవాళ్లు ఎవరూ లేరు, అసలు ఎవరూ రావడమే లేదు. ఫైర్‌వాల్ మీద నేను గడిపిన ఐదు గంటలూ రాని చుట్టాన్ని ఎవరు తరిమారా అని వెతికినట్లు.

రౌటర్ స్థితి పేజీ తెరిస్తే సమాధానం అక్కడే ఉంది. బయటివైపు చిరునామా 100.72తో మొదలవుతోంది. బయట ప్రపంచానికి మన చిరునామా ఏమిటో చెప్పే సైటు మాత్రం వేరే అంకె చూపింది. ఈ రెండూ కలవకపోతే రౌటర్‌కు పైన ఇంకో రౌటర్ ఉన్నట్లే. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాల గుత్తిని 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ఇందుకోసమే పక్కన పెట్టింది. సుమారు 42 లక్షల చిరునామాలు. ప్రపంచం మొత్తానికి పంచే ఐపీవీ4 చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది, ఆసియా పసిఫిక్ వాటా ఏప్రిల్‌లో చివరి గుత్తికి చేరింది. ఆ తర్వాత మొదలైన ఆపరేటర్లలో చాలామంది వందల ఇళ్లను ఒకే బహిరంగ చిరునామా వెనక కూర్చోబెడతారు. దీన్ని సీజీనాట్ అంటారు. ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లడానికి ఏ అడ్డూ లేదు, వీడియోలు చక్కగా వస్తాయి, బయటివాళ్లు లోపలికి రావడమే కుదరదు. అపార్ట్‌మెంటు పేరు రాసి ఫ్లాటు నంబరు రాయని ఉత్తరం లాంటిది. వాచ్‌మన్ ఎవరికిస్తాడు? మాస్టారి రౌటర్‌లో మనం ఎన్ని పోర్టులు తెరిచినా, వాచ్‌మన్ పుస్తకంలో మన మాట లేదు.

ఆపరేటర్ తరఫున వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే. బహిరంగ చిరునామా కావాలంటే "ఇళ్లకు ఇవ్వడం లేదండీ, ఆఫీసు ప్లాన్లకే" అన్నాడు. ఐపీవీ6 ఉందా అని అడిగితే ఆ లైనులో లేదన్నాడు. దాంతో చేయాల్సింది స్పష్టమైంది. లోపలికి రాలేకపోతే లోపలి యంత్రమే బయటికి వెళ్లి ఒక చోట నిలబడాలి. ముంబైలో నెలకు కొన్ని వందల రూపాయల అద్దెకు ఒక చిన్న సర్వర్ తీసుకుని, ఇంటి యంత్రం నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో సొరంగం వేశాను. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 నుంచి అది కెర్నెల్‌లోనే ఉంది, విడిగా ఏమీ ఎక్కించనక్కరలేదు. వాచ్‌మన్ మనల్ని మరిచిపోకుండా ప్రతి 25 సెకన్లకు ఒకసారి పలకరించే కీపలైవ్ పెట్టాను. అమ్మాయి ల్యాప్‌టాప్‌కు, నా ఫోనుకు కూడా అదే సొరంగంలో చోటిచ్చాను. సొరంగంలో ఇంటి యంత్రాన్ని పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని చిన్న పలకరింపు పంపితే, జవాబు వచ్చింది. ఇక అయిపోయిందనుకుని గుంటూరు బస్సెక్కాను.

మాట మధ్యలో మూగబోయినది

బస్సు వారధి దాటి మంగళగిరి చేరకముందే ఫోను. "అన్నయ్యా, ఇప్పుడు ఏమీ రావడం లేదు. పాస్‌వర్డు అడగదు, తప్పని చెప్పదు. అలా నిలబడిపోయింది."

వివరంగా మాట్లాడమనే మూడు వి అక్షరాల జెండాతో, అంటే ఆదేశానికి -vvv చేర్చి, మళ్లీ నడిపించి, చివరి వరుస చదవమన్నాను. ఎస్‌ఎస్‌హెచ్2 మెసేజ్ కెక్స్ ఈసీడీహెచ్ రిప్లై కోసం ఎదురుచూస్తున్నానని ఉందట. ఈ వరుస దగ్గర ఆగడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు సగం పని అయిపోయినట్లే. రెండు యంత్రాలూ పలకరించుకున్నాయి, ఒకరి వెర్షన్ ఒకరు చెప్పుకున్నారు. ఆ తర్వాత తమకు తెలిసిన తాళాల జాబితాలు మార్చుకుని, రహస్యం పంచుకోవడం మొదలుపెట్టాలి. సంభాషణలో మొదటి బరువైన ప్యాకెట్లు ఇవే. చిన్నవి చేరుతున్నాయి, పెద్దవి చేరడం లేదు.

అదే సమయంలో నా ఫోనులోని చిన్న ఎస్‌ఎస్‌హెచ్ యాప్‌తో ప్రయత్నిస్తే లోపలికి వెళ్లిపోయాను. అమ్మాయికి కోపం వచ్చింది. "మీకు వస్తుంది, నాకు రాదు. నా ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉంది." లేదు. నా యాప్ పంపే తాళాల జాబితా పొట్టిది, ఆమె ల్యాప్‌టాప్‌లోని కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ జాబితా పొడుగు. పైగా 2022లో వచ్చిన 9.0 నుంచి, రేపటి క్వాంటం కంప్యూటర్లకు కూడా లొంగని తాళాన్ని అది ముందుగా వాడుతుంది. దాని బహిరంగ తాళమే 1158 బైట్లు. నేను లోపల తేదీ అడిగితే చెప్పింది. మాస్టారి పుస్తకాల ఫోల్డరులో ఏముందో చూపమన్నాను. తెర బిగుసుకుపోయింది. వందల పేర్ల జాబితా పెద్ద ప్యాకెట్ అవుతుంది కదా, అదీ దారిలో పోయింది. నాకు కావలసిన రుజువు దొరికింది.

ఇంటికి చేరాక, ఫోను యాప్ నుంచే ఇంటి సర్వర్‌లో కూర్చుని, ముంబై యంత్రానికి సొరంగం బయటి దారిలో పింగ్ పంపడం మొదలుపెట్టాను. మామూలు పింగ్ కాదు. ముక్కలు చేయడానికి వీల్లేదన్న గుర్తుతో, ఒక్కోసారి ఒక్కో బరువు పెట్టి. 1472, మౌనం. 1400, జవాబు. 1430, మౌనం. 1415, మౌనం. 1410, జవాబు. 1412, జవాబు. 1413, మౌనం. సంతలో తూకం వేసినట్లే ఉంటుంది ఈ పని, పడికట్టు తగ్గిస్తూ పెంచుతూ. మౌనం అన్నచోట గమనించాల్సింది ఒకటుంది. దారిలోని యంత్రం "ఇది నా గుమ్మంలో పట్టదు, తగ్గించి పంపు" అని ఒక కబురు వెనక్కి పంపాలి. ప్యాకెట్ ఎంత పెద్దది పంపవచ్చో కనుక్కునే ఏర్పాటు మొత్తం ఆ కబురు మీదే నడుస్తుంది. పింగ్ లాగే ఆ కబురు కూడా ఐసీఎంపీ అనే పద్ధతిలో వస్తుంది. పింగ్‌ను వదిలి, ఆ రకం కబుర్లను మాత్రం భద్రత పేరుతో ఎవరో దారిలో అడ్డుకుంటున్నారు. దాంతో పెద్ద ప్యాకెట్ పంపినవాడికి అది పోయిన సంగతే తెలియదు.

లెక్క కట్టాను. 1412కు పింగ్ తలపాగాలు (హెడర్లు) 28 బైట్లు కలిపితే 1440. ఈ దారిలో పట్టే గరిష్ఠ బరువు అది. ఈథర్‌నెట్‌లో మామూలుగా 1500, ఆపరేటర్ దగ్గర లాగిన్ అయ్యే పీపీపీఓఈ పద్ధతి వాడితే దాని 8 బైట్లు పోయి 1492 ఉండాలి. ఈ ఆపరేటర్ లైను మీద అంతకు మించి తొడుగులు పడుతున్నాయి. వైర్‌గార్డ్ తన లోపలి ప్యాకెట్‌కు 1420 దాకా అనుమతిస్తుంది, ఐపీవీ4 మీద దానికి 60 బైట్ల తొడుగు వేస్తుంది. మొత్తం 1480. గుమ్మం 1440, మంచం 1480. తొడిగిన ప్యాకెట్‌ను దారిలో ముక్కలు చేసినా, సీజీనాట్ లాంటి చోట్ల ముక్కలను దాటనివ్వకపోవడం కొత్త కాదు. 1440లోంచి 60 తీసేస్తే 1380. సొరంగంలోని ముగ్గురి దగ్గరా ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ బరువు) 1380 అని రాసి, లేపి, ఫోల్డరు జాబితా మళ్లీ అడిగాను. తెర నిండా పేర్లు పరుగెత్తాయి. రాత్రి పదకొండు దాటింది. ఎవరికీ చెప్పుకోలేని ఆనందం అది. ఇంట్లోవాళ్లకు చెబితే "అంకె మార్చావా?" అంటారు.

మీరెవరన్నది

మర్నాడు ఆదివారం అమ్మాయి ప్రయత్నించినప్పుడు మొదట, ఈ యంత్రాన్ని నేనెరుగను, నమ్మమంటారా అన్న ప్రశ్న వచ్చింది. అందరూ చదవకుండా అవునని కొట్టేసే ప్రశ్న ఇదే. మధ్యలో అద్దె యంత్రం ఒకటి ఉన్నప్పుడు అలా కొట్టవద్దని ఆపాను. మాస్టారు ఇంట్లో సర్వర్ తెర ముందు కూర్చుని యంత్రం వేలిముద్ర, అంటే దాన్ని గుర్తుపట్టే అక్షరాల వరస, చదివారు, కూతురు అక్కడ సరిచూసుకుంది, నేను లైనులో విన్నాను. ముప్పై ఏళ్లు ప్రూఫులు చదివించిన గొంతు. "పెద్ద కే, చిన్న ఎమ్, తొమ్మిది, పెద్ద క్యూ, ప్లస్..." ఒకచోట అమ్మాయి తడబడితే, "వెనక్కి వెళ్లు, ప్లస్ నుంచి" అన్నారు. 43 అక్షరాలు, ఒక్క అచ్చు తప్పు లేదు.

ఆ తర్వాత వచ్చింది నాలుగోది: "పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ". దీన్ని చూసి చాలామంది నిరుత్సాహపడతారు గానీ నాకు ఇది శుభవార్త. దారి బాగుంది, తలుపు బాగుంది, లోపల మనిషి ఉన్నాడు, గుర్తింపు ఒక్కటే మిగిలింది.

ముందు రోజు పాస్‌వర్డు లాగిన్ మూసేయించి, కీ (తాళం ఫైలు) ఒక్కటే చెల్లేలా చేసినది నేనే. అందులోనూ ఒక మెలిక ఉంది. ప్రధాన కాన్ఫిగ్ ఫైల్లో వద్దని రాసినా యంత్రం పాస్‌వర్డు అడుగుతూనే ఉండింది. ఉబుంటు సర్వర్‌ను ఎక్కించేటప్పుడు పక్క ఫోల్డరులో 50 అంకెతో మొదలయ్యే క్లౌడ్ ఇనిట్ ఫైలు ఒకటి చేరుతుంది, అందులో సరేనని రాసి ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఒకే విషయం రెండుసార్లు కనిపిస్తే మొదట చదివిన మాటనే పట్టుకుంటుంది. ఆ పక్క ఫోల్డరును చదవమన్న వరుస ప్రధాన ఫైల్లో అన్నింటికన్నా పైన ఉంటుంది. మనం కింద ఎంత గట్టిగా రాసినా లాభం లేదు. ఫైళ్లు చదువుతూ కూర్చోకుండా, ఎస్‌ఎస్‌హెచ్‌డీని పెద్ద టీ జెండాతో నడిపితే చివరికి తాను ఏమి నమ్ముతోందో అదే వరసగా చెబుతుంది. నేను అలాగే పట్టుకున్నాను.

కీ ఎందుకు చెల్లలేదో తెలుసుకోవడానికి సర్వర్ లాగు చూశాను. బయటివాడికి ఎస్‌ఎస్‌హెచ్ కారణం చెప్పదు, చెప్పకూడదు కూడా. లాగులో మాత్రం దాచదు. మాస్టారి హోమ్ డైరెక్టరీ (సొంత ఫోల్డరు) హక్కులు సరిగా లేవు కాబట్టి నిరాకరించాను అని రాసి ఉంది. అమ్మాయిని అడిగాను.

"పండగప్పుడు డేటా తిరిగి ఎక్కించాక నాన్నగారి పాత విండోస్ యంత్రం నుంచి ఫైళ్లు తెరుచుకోలేదు అన్నయ్యా. అందుకని అన్నింటికీ 777 ఇచ్చేశాను."

"హోమ్ డైరెక్టరీ మొత్తానికా?"

"మొత్తానికే."

777 అంటే ఎవరైనా చదవవచ్చు, రాయవచ్చు, నడపవచ్చు. ఎవరైనా రాయగలిగిన ఇంట్లో ఉన్న తాళాల జాబితాను ఎస్‌ఎస్‌హెచ్ నమ్మదు, ఎందుకంటే ఆ జాబితాలో ఎవరైనా తమ తాళం చేర్చి ఉండవచ్చు. స్ట్రిక్ట్‌మోడ్స్ అనే నియమం అందుకే పుట్టింది. దాన్ని ఆపేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కాపలాదారు అరుస్తున్నాడని అతన్ని మాన్పించినట్లుంటుంది. హోమ్ డైరెక్టరీకి 755, చుక్కతో మొదలయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరుకు 700, లోపలి తాళాల ఫైలుకు 600 ఇచ్చాం. విండోస్ యంత్రానికి కావలసిన పుస్తకాలను విడిగా ఒక ఫోల్డరులోకి మార్చి, విండోస్‌తో ఫైళ్లు పంచే సాంబాలో ఆ ఒక్కదాన్నే పంచాం. అమ్మాయి లోపలికి వచ్చింది. మొదట దింపుకున్నది ఒక వంటల పుస్తకం, నాలుగో ముద్రణకు.

నేను ఏ పనినీ కరెంటు తీసి చూడకుండా వదలను. మాస్టారిని ఫోనులోనే మెయిన్ స్విచ్చి దింపి, ఐదు నిమిషాలాగి ఎత్తమన్నాను. ఎత్తారు. సర్వర్ లేవలేదు. బయోస్‌లో కరెంటు తిరిగొచ్చాక దానంతట అదే లేవాలన్న అమరిక ఆపి ఉందని చెప్పి, అక్కడ సరిచేయించాను. మళ్లీ దింపి ఎత్తారు. మళ్లీ లేవలేదు. చూస్తే ఆ అమరిక తిరిగి పాత చోటికి వెళ్లిపోయింది, గడియారం కూడా ఎన్నో ఏళ్లు వెనక్కి పోయింది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్ 2032, చచ్చిపోయింది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఆ సంగతి బయటపడదు.

గడియారం వెనక్కి పోతే వైర్‌గార్డ్‌కూ ఇబ్బందే. ప్రతి కరచాలనంలోనూ అది సమయాన్ని కలిపి పంపుతుంది. ముందు చూసినదానికన్నా పాత సమయంతో వస్తే, ఎవరో పాత మాటను దొంగిలించి మళ్లీ చెబుతున్నారని అవతలివైపు పట్టించుకోదు. మాస్టారు బటన్ నొక్కి లేపాక, యంత్రం ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకునేదాకా సొరంగం తెరుచుకోకపోవడానికి కారణం అదే. ఆ రెండు నిమిషాలూ అమ్మాయి తెర మీద మళ్లీ "టైమ్డ్ అవుట్" కనిపించింది. ఈసారి ఎవరూ ఫైర్‌వాల్ జోలికి పోలేదు.

సోమవారం మాస్టారు బీసెంట్ రోడ్డుకు వెళ్లి బిళ్ల బ్యాటరీ కొనుక్కొచ్చారు. ఒకటి సరిపోతుందంటే వినకుండా రెండు తెచ్చి, రెండోదాన్ని సర్వర్ మూత లోపలివైపు టేపుతో అంటించారు.